గండానికి లేని కొమ్ము

పాలకండ్రిగలో తెల్లవారిందని కోడి కూసి చెప్పేది. తెల్లవారాక ఆ రోజు ఎలా ఉండబోతుందో మునిరామయ్య నాయుడు చెప్పేవాడు. ఇద్దరిలో కోడి మాటే ఎక్కువసార్లు నిజమయ్యేది గాని, కోడికి ఎవరూ దండం పెట్టేవారు కాదు.

ప్రతి ఉదయం ముఖమైనా కడుక్కోకముందే నాయుడు గుప్పెడు తవుడు తీసుకుని అరుగు దిగేవాడు. తిరుమల కొండ వైపు తిరిగి "గోవిందా" అని భక్తిగా ఒక నమస్కారం చేసేవాడు. తర్వాత చెయ్యి పైకెత్తి తవుడు వదిలేవాడు. తవుడు తూర్పుకు ఎగిరితే పడమటి గాలి, పడమటికి ఎగిరితే తూర్పు గాలి. ఇంతవరకు పాలుతాగే పిల్లకైనా తెలిసే సంగతే. అయితే తవుడు వదిలిన తర్వాత నాయుడు కాసేపు కళ్ళు మూసుకునేవాడు. విద్యంతా ఆ మూసుకోవడంలో ఉందని ఊరి నమ్మకం. ఆయన కళ్ళు తెరిచేదాకా వీధిలో చెంబులు పట్టుకున్నవాళ్ళు చెంబులతోనే నిలబడిపోయేవారు.

నేలమీద పడ్డ తవుడు కోళ్ళు తినేవి. నాయుడి వాతావరణ శాస్త్రం వల్ల ఏనాడూ నష్టపోని ప్రాణులు ఊరు మొత్తానికి ఆ కోళ్ళే.

రెండో పరీక్ష వసారాలో జరిగేది. చూరుకు ఒక గుడ్డమూటలో బెల్లపు ముద్ద వేలాడుతూ ఉండేది. తూర్పు నుంచి తడిగాలి వస్తే బెల్లానికి చెమట పడుతుంది, పడమటి నుంచి పొడిగాలి తోలితే రాయిలా బిగుసుకుంటుంది. నాయుడు మూట విప్పి ముద్దను బొటనవేలితో నొక్కి, ఆ వేలు నాకి, అప్పటికీ అనుమానం తీరనట్టు ఒక ముక్క గిల్లి నోట్లో వేసుకునేవాడు. నెల తిరిగేసరికి ముద్ద ఉండేది కాదు.

"ఈ నెల గాలి శానా బెల్లం తినింది," అని ఆయన భార్య యశోదమ్మ ఇంకో ముద్ద కట్టేది. ఆ ఇంట్లో గాలిని గురించి అంతకంటే ఖచ్చితమైన మాట ఎవరూ అనలేదు.

నాయుడు చెడ్డవాడు కాదు. జ్వరంతో మూలుగుతూ కూడా దుప్పటి కప్పుకుని వచ్చి తవుడు వదిలేవాడు, అడిగినవాళ్ళు ఊరికే తిరిగిపోకూడదని. వానొస్తుందన్న రోజున రాకపోతే, "పక్క ఊర్లో కురిసిందిలే అప్పా," అని ఊరడించేవాడు. ఆ పక్క ఊరు ఏదో ఎన్నడూ చెప్పలేదు. నాయుడుపేట కావచ్చు, తడ కావచ్చు, పులికాట్ దాటిన నడిసముద్రమూ కావచ్చు. ఎక్కడో ఒకచోట కురిసే ఉంటుంది గదా, దేవుడి దయ అంత తక్కువా!

యుద్ధం ఆయనకు బాగా కలిసివచ్చింది. వాన కబురు శత్రువు చెవిన పడితే విమానాలు వేసుకొస్తాడని ఆ రోజుల్లో పత్రికల్లో వాతావరణం వెయ్యనివ్వలేదని చెప్పుకునేవారు. బియ్యం దాచినట్టు, కిరసనాయిలు దాచినట్టు, సర్కారు గాలిని కూడా దాచేసింది. పాలకండ్రిగకు మాత్రం ఏ లోటూ రాలేదు. శత్రువు పేపర్లు వెతుక్కుంటూ ఉండగానే నాయుడు నడివీధిలో నిలబడి సర్కారు రహస్యాలన్నీ గట్టిగా చెప్పేసేవాడు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కార్తీకమాసంలో ఒక బుధవారం పొద్దున తాయమ్మ వచ్చి ఆయన ముందు నిలబడింది.

తాయమ్మ ఇల్లిల్లూ తిరిగి మజ్జిగ పోసే ముసలమ్మ. అంతకు ముందటేడు ముసురుకు ఆమె ఇల్లు కూలిపోయింది. అప్పటినుంచీ నాయుడి పశువుల కొట్టంలో ఒక మూల తలదాచుకుంటోంది. యశోదమ్మ ఆమెను ఉండమన్నదీ లేదు, పొమ్మన్నదీ లేదు. రాత్రిపూట ఒక సంగటి ముద్ద ఎక్కువ చేసేది, అంతే. ఇప్పుడు తాయమ్మ పాత పునాదుల మీదే మట్టిగోడలు లేపుకుంటోంది. మట్టిగోడ ఒక్కనాడు లేచేది కాదు. మట్టి తొక్కి ఒక వరస పెట్టాలి, అది ఆరాక దానిమీద ఇంకో వరస. చేలనుంచి తిరిగొచ్చేవాళ్ళు ఎవరూ పిలవకపోయినా ఆగి, పంచె ఎగ్గట్టి, కాసేపు ఆమె మట్టి తొక్కి పోయేవారు. అలా అందరి కాళ్ళతో చివరి వరస కూడా ఎక్కింది. ఇక వాసాలు పరిచి బోదగడ్డి కప్పితే అది ఇల్లు. కప్పేలోగా వాన పడితే అది మట్టికుప్ప. తాయమ్మ కూతురు మునిలక్ష్మికి నెలలు నిండుతున్నాయి. తొలికాన్పుకు పుట్టింటికి రావాలి. రావాలంటే ముందు పుట్టిల్లు ఉండాలి.

"మునిరామా, బోద రేపు కప్పించేదా, సోమారం కప్పించేదా? కప్పేవోళ్ళు నలుగురూ రేపు ఖాళీగా ఉండారంట," అని అడిగింది తాయమ్మ.

నాయుడు తవుడు వదిలాడు. తూర్పుకు ఎగిరింది. పడమటి గాలి. కళ్ళు మూసుకున్నాడు. ఆ మూసిన కళ్ళకు వానకంటే ముందు తన వేరుశనగ చేను కనిపించింది. కాయ ముదిరింది. పీకించాలి. ఊళ్ళో కూలికి దొరికేది ఆ నలుగురే.

"సోమారం కప్పించక్కా," అన్నాడు కళ్ళు తెరిచి. "గోడ ఇంగా పచ్చిగా ఉండాది. రోంత ఆరనీ. వారం దాకా వానా లేదు, గీనా లేదు."

ఇందులో అబద్ధం ఏమీ లేదు. గోడ పచ్చిగానే ఉంది, గాలి పడమటిదే. మర్నాడు ఆ నలుగురూ ఎక్కడ ఉంటారన్నది ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. అడగనివి చెప్పడం నాయుడి వంశంలో లేదు.

శుక్రవారం పొద్దున ఆంజనేయస్వామి గుడి అరుగు మీద రాజారత్నం పేపరు చదువుతున్నాడు. రాజారత్నం మిషన్ బడి పంతులు. యుద్ధకాలంలో ఎక్కడో విమానాల మైదానంలో పనిచేసి వచ్చాడు. రేణిగుంట స్టేషన్ నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపరును ఆదివారం చర్చిలో వాక్యం చదివినంత శ్రద్ధగా నలుగురికీ చదివి వినిపించేవాడు. చదవడం రానివాళ్ళ కోసం నెమ్మదిగా చదివేవాడు, చెవుడున్నవాళ్ళ కోసం గట్టిగా చదివేవాడు.

"బంగాళాఖాతంలో వాయుగుండం," అని చదివాడు రాజారత్నం. "కోస్తా వైపు రావచ్చునంట నాయుడుగారూ."

"ఏమి గండం?" అన్నాడు నాయుడు, అప్పుడే అరుగెక్కుతూ.

"గండం కాదు, గుండం."

"నువ్వు సరిగ్గా సూడు అయ్యోరా. అగ్నిగుండం ఇన్నాము. ధర్మరాజుల గుడికాడ తొక్కినాము. వాయుగుండం ఎవురన్నా తొక్కినారా? వాయువుకు గండం అని రాసినాడు మహానుభావుడు."

"గకు కొమ్ముండాది, సూడండి." రాజారత్నం వేలు పెట్టి చూపించాడు.

నాయుడు పేపరును చేతిదూరంలో పట్టుకుని, అక్షరం మీద దయతలచినట్టు చూశాడు. "అచ్చుతప్పు. పేపరోళ్ళకు ఒక కొమ్ము ఎక్కువా తక్కువా? మొన్న మంత్రి పేరులోనే దీర్ఘం మింగేసినారు."

అరుగు మీదివాళ్ళంతా తల ఊపారు. మంత్రికే దిక్కులేనప్పుడు గాలికి ఎక్కడిది?

రాజారత్నం మంచివాడు కాబట్టి వదిలిపెట్టకుండా చెప్పబోయాడు. "గుండమంటే సుడి. ఏట్లో నీళ్ళు తిరగతాయే, అట్లా గాలి తిరగతాది. గాలి యాడ కొన్నాళ్ళు తిష్ట వేస్తే ఆడి గుణం పట్టుకుంటాది, అత్తగారింటికి పొయ్యిన పిల్ల వాళ్ళ వంట నేర్సుకున్నట్టు. సముద్రం మీద కూసున్న గాలి తడిది. బళ్ళారి పక్క ఎండునేల మీద కూసున్న గాలి పొడిది. ఇప్పుడు మనమీద ఉండేది ఆ పొడిగాలి. గుండం దగ్గిరికొస్తే సముద్రం గాలిని ఇటు తోస్తాది. రెండూ ఎదురుపడితే ఒకదాంట్లో ఒకటి తొందరగా కలవవు. తడిగాలి తేలిక గదా, పొడిగాలి మీదికి ఎక్కేస్తాది. కొండ అడ్డమొస్తే కొండా ఎక్కతాది. మెట్లెక్కే యాత్రికుడికి చెమట పోసినట్టు, పైకెక్కే గాలికి చెమట పోస్తాది. ఆ చెమటే మనకు వాన."

"అయితే గాలి కూడా కొండెక్కి గుండు కొట్టించుకుంటాదా అయ్యోరా?" అన్నాడు నాయుడు. అరుగంతా నవ్వింది. రాజారత్నం కూడా నవ్వాడు.

"విమానాల మైదానంలో మా దొర మ్యాపు మీద గీత గీసేవాడు. రెండు గాలులు ఢీకొనే చోటికి పళ్ళున్న గీత. దాన్ని ఫ్రంట్ అంటారు. అది వాళ్ళ చలిదేశాల లెక్కలే, మన పక్క గాలులు అంత వరస కట్టుకొని రావు..."

"ఫ్రంటా!" నాయుడు చెయ్యి అడ్డం పెట్టాడు. "యుద్ధం అయిపోయిందని నీకింగా తెలవదా? ఫ్రంట్లన్నీ ఎత్తేసినారు కదప్పా! ఇంగ ఇన్నండి. వాయువుకు గండమంటే గాలికి ప్రాణం మీదికొచ్చిందని. గాలే లేకపోతే మేఘం యాడినుంచి నడుస్తాది? నెలదాకా వాన లేదు. కానీ పాపం, దేవుడికే గండమొస్తే మనం సూస్తా కూసోవచ్చునా? ఆయన కొడుకు ఈడే ఉండాడు."

అందరూ తిరిగి గుడిలోకి చూశారు. వాయుపుత్రుడు గద పట్టుకుని, ఎవరిపక్షమూ వహించకుండా నిలబడి ఉన్నాడు.

శనివారం స్వామికి వడమాల అని అప్పటికప్పుడు నిర్ణయమైంది, తండ్రి గండం తొలగడానికి. మినుములు కరువైన కాలం. అయినా ఇంటింటికీ చారెడు చొప్పున వచ్చాయి. దేవుడికి అనేసరికి లేనివాళ్ళ చెయ్యే ముందు చాపుకుంటుంది. తాయమ్మ తన మూటలో ఉన్న సోలెడూ పోసేసింది. "గాలి లేకపోతే బిడ్డ ఊపిరెట్ల తీస్తాది," అంది. రాజారత్నం కూడా ఇంటినుంచి చారెడు పంపించాడు. వాయువు సంగతి తనకు వేరుగా తెలిసినా, పిల్లలు వడలు తింటారని తెలుసు.

శనివారం పొద్దున నాయుడు వదిలిన తవుడు ఎటూ పోలేదు. నిలువునా జారి కాళ్ళ మీద పడింది. ఆకు కదలడం లేదు.

"సూసినారా గండం!" అన్నాడు నాయుడు. వీధి వీధంతటికీ ఒళ్ళు గగుర్పొడిచింది.

వసారాలో బెల్లపు మూట కింద మాత్రం నేల మీద నల్లగా రెండు చుక్కలు ఉన్నాయి. నాయుడు ముద్ద నొక్కాడు. వేలు అతుక్కుపోయింది.

"ఏమ్మే, తడిచెయ్యి పెట్టినావా దీనికి?"

"నేనా?" యశోదమ్మ చీపురు ఆపింది. "దాన్ని ముట్టుకునేది ఈ ఇంట్లో ఒకరే. సెమట పట్టింది సూడరాదా? తూర్పున ఏందో ఉండాది."

"నీకు తెలీదులే. గాలి సస్తావుంటే బెల్లానికి దిగులుగా ఉండాది."

యశోదమ్మ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి మళ్ళీ చీపురు పట్టింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నేర్చుకున్న వాతావరణం అది.

మధ్యాహ్నానికి స్వామి మెడలో వడమాల పడింది. పానకానికి బెల్లం చాలకపోతే నాయుడు పెద్దమనసుతో చూరుకు కట్టిన ముద్దనే తెప్పించి ఇచ్చాడు. ఊళ్ళో నిజం చెప్పే పనిముట్టు ఒక్కటే ఉంది. దాన్ని మిరియాలు వేసి అందరూ తాగేశారు.

నాయుడు రెండో వడ కొరుకుతుండగా చల్లటి గాలి వచ్చి విస్తరాకులు లేపింది. తూర్పునుంచి వచ్చింది. మొదట అందరూ సంతోషించారు, గండం గడిచి గాలికి ప్రాణం వచ్చిందని. "గోవిందా గోవింద!" అని కేక కూడా వేశారు. కేక ఆగేసరికి తూర్పు ఆకాశం పెనం అడుగులా నల్లబడింది. మబ్బులు ఊరి మీదుగా పరుగెత్తి తిరుమల కొండకు తగిలి, మెట్లదారి యాత్రికుల్లా ఒకదాని వెనక ఒకటి పైకి ఎక్కసాగాయి. రాజారత్నం చెప్పినట్టే వాటికి చెమట పోసింది. కుండపోతగా పోసింది.

భక్తుల మొర స్వామి విన్నాడనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? తన తండ్రి నిక్షేపంగా ఉన్నాడని చూపించాడు.

నాయుడు మాత్రం కొరికిన వడ పక్కన పెట్టి తాయమ్మ కోసం వెతికాడు. తాయమ్మ జనం మధ్య నిలబడి ఉంది. ఆయన వైపు చూడలేదు. గోడ ఉన్న దిక్కుగా చూస్తూ ప్రసాదం కొంగున కట్టుకుంటోంది, కూతురికోసం కాబోలు. నాయుడు ఇక అక్కడ నిలవలేకపోయాడు. ఎప్పుడూ పరుగెత్తని మనిషి పంచె చేత్తో పట్టుకుని బురదలో పరుగెత్తాడు.

వెళ్ళి చూసేసరికి అక్కడ అప్పటికే మనుషులున్నారు. బోద కప్పే ఆ నలుగురూ గోడలెక్కి తాటాకు తడికెలు కడుతున్నారు. కింద యశోదమ్మ నెత్తిన గోనెసంచి వేసుకుని, "ఆ మూల లాగప్పా, ఆ మూల!" అని అరుస్తోంది. ఆ తడికెలు నాయుడివి. చేలో పీకి కుప్ప వేసిన వేరుశనగ మీద కప్పడానికి అల్లించినవి. బెల్లం దిగులు సంగతి తెలిసిన ఇల్లాలు వడమాలకు పోకుండా మనుషులనూ తడికెలనూ ఇటు మళ్ళించింది.

"మన సెనక్కాయలు?" అన్నాడు నాయుడు, నోరు ఊరుకోక.

"అవి వారం దాకా తడవవు గదా. వాన లేదని సెప్పినారంట ఎవురో పెద్దమనిషి," అంది యశోదమ్మ.

నాయుడు ఒక తడికె అంచు పట్టుకున్నాడు. గాలి దాన్ని లాక్కుంటే దానితోపాటు రెండడుగులు తనూ పోయాడు. గాలి ఎటునుంచి వస్తోందో ఆయన తవుడు లేకుండా తెలుసుకున్నది అదే మొదటిసారి.

మూడు గోడలు నిలిచాయి. తూర్పుగోడకు తడికెలు చాలలేదు. చూస్తుండగానే పై వరసలు కరిగి, కడుపు ఉబ్బి, నిట్టూర్చినట్టు కూర్చుండిపోయింది. గండానికి లేని కొమ్ము గుండానికి ఉంది. ఆ కొమ్ముతోనే అది తాయమ్మ గోడను కుమ్మింది.

నాలుగు రోజుల ముసురు వెలిసేసరికి ఊరంతా నాయుణ్ణి పొగిడింది. తన కాయలను వానకు వదిలేసి ముసలమ్మ గోడకు తడికెలిచ్చిన ధర్మాత్ముడని. నాయుడు కాదనలేదు. అవుననడానికి నోరు తెరిచాడు గాని, పక్కన యశోదమ్మ చాటలో కాయలు చెరుగుతోంది. కుప్పలో కాయలు చక్కగా మొలకెత్తాయి. "మంచిదే," అంది ఆమె, చాటలోకే చూస్తూ. "మళ్ళా ఇత్తే పని లేదు. మీ జోస్యానికి అవే లేసి నిలబడినాయి."

నిండు నెలల మునిలక్ష్మి బండి దిగి నేరుగా యశోదమ్మ వంటింటి పక్కగదిలోకి వచ్చింది. మంచం అప్పటికే వేసి ఉంది. కానీ పురిటిపిల్లతో పరాయి ఇంట్లో ఎన్నాళ్ళని ఉండగలదు? తాయమ్మ వాన వెలిసిన మర్నాడే కూలిన మట్టిని మళ్ళీ తడిపి తొక్కడం మొదలుపెట్టింది.

నాయుడు అందరికీ జవాబులు సిద్ధం చేసుకున్నాడు. ఎవరైనా తిడితే ఒకటి, ఎగతాళి చేస్తే ఒకటి. "పక్క ఊర్లో పడాల్సింది దారి తప్పింది" అన్నది అన్నిటికంటే మంచిది. కానీ పై సోమవారం పొద్దున తవుడు పట్టుకుని దిగేసరికి ఎదురుగా తాయమ్మ నిలబడి ఉంది, మోకాళ్ళదాకా మట్టితో.

"మునిరామా, తూర్పుగోడకు వరస పెట్టాల. ఈ వారం పెట్టేదా, ఆగేదా? నువ్వే సెప్పు."

నాయుడు ఎదురుచూసిన మాట అది కాదు. తిట్టు ఉంటుందేమోనని ఆమె ముఖమంతా వెతికాడు. ఎక్కడా దొరకలేదు. చేతిలో తవుడు చెమటకు ముద్దయింది.

"నన్నే అడగతా ఉండావా అక్కా?"

"ఇంగెవర్ని అడిగేది? ఆ పొద్దు తడికెలతో వానలో నిలబడింది నువ్వే గదా."

నాయుడు తవుడు వదల్లేదు. "మద్దేనం సెప్తా," అన్నాడు. ఆయన జీవితంలో వాతావరణం మధ్యాహ్నానికి వాయిదా పడడం అదే మొదలు. కోళ్ళు కాసేపు ఆయన చుట్టూ తిరిగి నిరాశగా వెళ్ళిపోయాయి.

ఇంట్లోకి వెళ్ళి, మొలకెత్తగా మిగిలిన కాయలు ఉడకబెట్టించి గుడ్డలో మూటకట్టుకుని, నాయుడు మిషన్ బడి వెనక పెరడులోకి వెళ్ళాడు. ముందునుంచి పోతే ఊరు చూస్తుంది. రాజారత్నం నీళ్ళు తోడుతూ ఉన్నాడు. మూట అందుకుని, ఒక కాయ వలిచి తిన్నాడు.

"బాగుండాయి నాయుడుగారూ. వానలో నానినాయేమో, మెత్తగా ఉండాయి."

"నానినాయిలే." నాయుడు బావి గట్టు మీద కూర్చున్నాడు. "అయ్యోరా, ఆ కొమ్ము ఇంగా ఉండాదా పేపర్లో?"

"లేదు. గుండం ఆవల పక్కకు పోయి సచ్చిపోయిందంట. ఇంకోటి లేస్తాదేమో రోజూ సూడాల. పేపరు కూడా అన్నిసార్లు సరిగ్గా సెప్పదు, ఆ మాట కూడా నిజమే."

"అది తప్పు సెప్తే దాన్ని ఎవురూ అడగరు. నన్ను ముసలమ్మ అడగతా ఉండాది. తిట్టినా బాగుండును గదప్పా! తిట్టలా. మళ్ళా నన్నే అడగతా ఉండాది."

రాజారత్నం చేద పక్కన పెట్టి, నవ్వకుండా ఆయన పక్కన కూర్చున్నాడు. ఆ నవ్వకపోవడాన్ని నాయుడు చాలాకాలం గుర్తుపెట్టుకున్నాడు.

"తవుడు ఇడిసేది మానలేను. మానితే ఊరు బెదిరిపోతాది," అన్నాడు నాయుడు. బెదిరేది ఊరేనా అని రాజారత్నం అడగలేదు. "నాకొక సాయం చెయ్యి అయ్యోరా. రేపటినుంచీ పొద్దున్నే పేపరు సంగతి నీ మనసులో పెట్టుకొని నా పక్కన వచ్చి నిలబడు. నిన్న వచ్చిందో, మొన్నటిదో, ఏదుంటే అది. నేను కళ్ళు మూసుకుంటా గదా, అప్పుడు నువ్వు తూర్పుగాలి వస్తాదని అనుకుంటే, గట్టిగా ఏమీ అనొద్దు. నలుగురూ ఉంటారు. తాయమ్మక్క గోడ మీద బోద ఎక్కేదాకా, ఒక్క దగ్గు దగ్గప్పా, సాలు."